ఏ గ్రూపు తీసుకోవాలి?



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మా పేరాలలో ఏ ఇంటికి వెళ్లినా రెండే ప్రశ్నలు. మొదటిది, “మీ పిల్లకి ఎన్నొచ్చాయి?” రెండోది, “ఏ గ్రూపులో వేస్తున్నారు?” చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి ఎక్కడైనా ఇంతే. చాలా ఇళ్లలో రెండో ప్రశ్నకు జవాబు ఫలితాలకు ముందే తయారై ఉంటుంది. అబ్బాయైతే ఎంపీసీ. అమ్మాయి శ్రద్ధగా చదువుతుందంటే బైపీసీ. మార్కులు తగ్గాయంటే సీఈసీ. ఆ పిల్లనో పిల్లాణ్నో ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగినవాళ్లు తక్కువ.

జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ని. గ్రూపు కుదిరిన పిల్లలు ఎలా కళకళలాడతారో, కుదరని పిల్లలు రెండేళ్లు ఎంత నలిగిపోతారో దగ్గరగా చూశాను. అందుకే ఈ పూట ఒక్క మాట గట్టిగా చెప్పాలని వచ్చాను. గ్రూపును ఫ్లెక్సీల మీద ర్యాంకులు చూసి ఎంచుకోకండి. పిల్ల నోటుపుస్తకం చూసి ఎంచుకోండి. ఏ గ్రూపు ఏ చదువుకు దారి తీస్తుందో, ఏ చదువుకు తీయదో ముందుగా తెలుసుకోండి. ఆ పైన మీ పిల్ల ఎవరూ కేకలెయ్యకుండా రోజూ కూర్చుని చదవగలిగే విషయం ఏదో చూడండి. ఈ రెండూ తెలిస్తే నిర్ణయం చాలావరకు అయిపోయినట్టే.

ముందు దారుల సంగతి చూద్దాం.

ఎంపీసీ చదివితే ఇంజనీరింగ్ ఒక్కటే కాదు. ఆర్కిటెక్చర్‌కు వెళ్లవచ్చు, పైలట్ శిక్షణకు వెళ్లవచ్చు. ఎన్‌డీఏలో నౌకాదళం, వైమానిక దళం వైపు వెళ్లాలంటే ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బీఫార్మసీకి కూడా ఎంపీసీ వాళ్లు అర్హులే. వ్యవసాయం మీద మక్కువ ఉండి లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు మన బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది.

బైపీసీ అనగానే అందరికీ తెల్లకోటు, స్టెతస్కోపు కళ్లముందు కదులుతాయి. ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో ఒకవైపు ఉంటే, బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, పశువైద్యం, ఫిషరీస్, నర్సింగ్, ఫార్మసీ మరోవైపు ఉన్నాయి. మన ప్రాంతం వాళ్లు ఈ రెండో వైపు ఇంకాస్త శ్రద్ధగా చూడాలి. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల మనకు రైలెక్కితే కాసేపట్లో చేరుకునేంత దూరంలో, బాపట్లలో ఉంది. రాష్ట్రమంతా బీపీటీ అని పిలుచుకునే సాంబమసూరి, అంటే బీపీటీ 5204 వరి రకం, 1986లో వచ్చింది అక్కడినుంచే. మనం రోజూ తినే సన్నన్నం వెనక వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్ల ఏళ్ల తరబడి కష్టం ఉంది. రేపల్లె వైపు చెరువుల్లో రొయ్యలు పెంచే రైతును, నిజాంపట్నం రేవులో పడవ నడిపే మనిషిని అడగండి, చేపల జబ్బులు, నీటి గుణం తెలిసిన మనిషి విలువ ఏమిటో చెబుతారు. ఆ చదువుకూ దారి బైపీసీయే.

సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ గురించి ఒక్కమాట. మార్కులు తగ్గినవాళ్ల గ్రూపులని వీటిని చులకన చేయడం అన్యాయం. చార్టర్డ్ అకౌంటెన్సీ, ఐదేళ్ల లా, జర్నలిజం, బీబీఏ, సివిల్ సర్వీసెస్, టీచరు ఉద్యోగం, వీటన్నిటికీ ఈ గ్రూపుల నుంచి వెళ్లవచ్చు. నిజానికి సీఏకు గానీ లాకు గానీ ఏ గ్రూపు వాళ్లైనా అర్హులే. కామర్స్ ఇష్టపడే పిల్లకు లెక్కలు కూడా బాగా వస్తే సీఈసీ కన్నా ఎంఈసీ మేలు. ఎందుకంటే ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ లాంటి చదువులకు మ్యాథ్స్ తప్పనిసరి. ఇక చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలకు వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు భద్రంగా దాచిన చోటు. చీరాల-పేరాల ఉద్యమం మన ఊరి కథ. 1921లో పన్నులు కట్టబోమని ఊరు ఊరంతా ఇళ్లు వదిలి రామనగరంలో పాకలు వేసుకుని బతికిన కథ. హెచ్ఈసీ తీసుకున్న పిల్లకు పాఠం ఇంటి గుమ్మం ముందే ఉందన్నమాట.

దారులు తెలిశాయి. ఇప్పుడు పరీక్షల లెక్క చూద్దాం. ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు పాత జ్ఞాపకాలతో మాట్లాడుతుంటారు. మన రాష్ట్రంలో ఎంసెట్ 1986లో మొదలైంది. ఇంజనీరింగ్, వ్యవసాయం, వైద్యం అన్నిటికీ అదొక్కటే పరీక్ష. తర్వాత వైద్య విద్య నీట్‌లోకి వెళ్లిపోయింది. 2021 నుంచి మన ఎంసెట్ పేరు ఈఏపీసెట్. అంటే బైపీసీ చదివే పిల్ల డాక్టరు కావాలంటే నీట్ రాయాలి, అగ్రికల్చర్ బీఎస్సీ కావాలంటే ఈఏపీసెట్ రాయాలి. రెండింటికీ ఒక్క చదువే అయినా పరీక్షల తీరు వేరు. నీట్‌లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు, ఈఏపీసెట్‌లో కోయరు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో బయాలజీ 90 ప్రశ్నలు. మిగిలిన 90లో సగం ఫిజిక్స్, సగం కెమిస్ట్రీ. ఈ లెక్కను బైపీసీ తీసుకునే ప్రతి పిల్లా, ప్రతి తల్లీ తండ్రీ మనసులో పెట్టుకోవాలి. “లెక్కలంటే భయం, అందుకే బైపీసీ” అని చేరే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మొదటి నెలలోనే ఫిజిక్స్‌లో వెక్టార్లు వస్తాయి, సైన్ కాస్ వస్తాయి, రసాయన శాస్త్రంలో మోల్ లెక్కలు వస్తాయి. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీలో చేరితే వాటిని ఇంకో పేరుతో ఎదుర్కోవాల్సిందే. బయాలజీ మీద ప్రేమతో వస్తే మాత్రం ఆ కాస్త లెక్క భారమనిపించదు.

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు. అందులో 80 మ్యాథ్స్. సగానికి సగం. ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. జేఈఈ మెయిన్‌లో మూడు సబ్జెక్టులకూ సమానంగా ఇరవై ఐదేసి ప్రశ్నలు, 300 మార్కులు. కాబట్టి మ్యాథ్స్‌లో గట్టిగా ఉండి ఫిజిక్స్‌లో ఓ మోస్తరుగా ఉన్న పిల్లకు ఈఏపీసెట్ కలిసొస్తుంది. అదే పిల్లను జేఈఈ స్పెషల్ బ్యాచిలో కూర్చోబెడితే ఆ బలం అంతగా పనికిరాదు. గ్రూపు ఒకటే అయినా ఏ పరీక్షను గురిగా పెట్టుకోవాలన్నది మళ్లీ వేరే నిర్ణయం.

ఇంకో సంగతి. “ఎంట్రెన్స్ ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తారు” అని కొందరు పిల్లలకు నూరిపోస్తున్నారు. అది తప్పు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం దగ్గరుంటే రాసుకోండి. ఇద్దరు పిల్లలకు ఈఏపీసెట్‌లో 160కి 80 వచ్చాయనుకుందాం. అంటే సగం. పరీక్షకు ఉన్న 75లో ఇద్దరికీ 37.5 వచ్చినట్టు. మొదటి పిల్లకు ఇంటర్ గ్రూపు మార్కులు 90 శాతం. 25లో 22.5 కలిసి మొత్తం 60. రెండో పిల్లకు ఇంటర్‌లో 70 శాతం. 17.5 కలిసి మొత్తం 55. ఈ ఐదు మార్కులు రెండో పిల్ల ఎంట్రెన్సులోనే పూడ్చుకోవాలంటే ఇంకో 11 ప్రశ్నలకు సరైన జవాబు రాయాలి. పరీక్ష రాసినవాళ్లను అడగండి, చివరి అరగంటలో 11 ప్రశ్నలంటే ఏమిటో చెబుతారు. అసలు ర్యాంకు లెక్కలో షిఫ్టుల సర్దుబాటు కూడా ఉంటుంది గానీ విషయం మాత్రం ఇదే.

జేఈఈ ద్వారా ఎన్ఐటీలో సీటు కావాలన్నా ఇంటర్‌లో 75 శాతం మార్కులుండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ 75 బదులు 65. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. అందుకని ఇంటర్‌ను ఎంట్రెన్సు కోచింగుకు తోకలా చూడవద్దు. ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టుకు రెండో ఏడాదిలో 30 మార్కులు ఉంటాయి. ల్యాబులో చేతులు పెట్టి పనిచేసిన పిల్ల ఆ మార్కులు సొంతంగా సంపాదించుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, టైట్రేషన్‌లో రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపడం నేర్చుకున్న పిల్లకు ఆ పాఠం మరి మరచిపోయేది కాదు.

ఇక ఒక ఇంటి సంగతి చెబుతాను.

మొన్న మా పేరాలలో మగ్గం నేసే ఒకాయన నన్ను ఇంటికి రమ్మన్నాడు. పెద్దమ్మాయికి పదిలో 600కి 540 పైన వచ్చాయి. అప్పటికే ఒక కాలేజీ పీఆర్వో వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. చేతిలో నిగనిగలాడే బ్రోచరు, దాన్నిండా ర్యాంకర్ల ఫొటోలు. “ఈ సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టండి, స్పెషల్ బ్యాచిలో సీటు బ్లాక్ చేస్తా” అంటున్నాడు. తల్లికి అమ్మాయిని డాక్టరు చేయాలని ఉంది. తండ్రి ఎటూ తేల్చుకోలేక నావైపు చూశాడు. “మాస్టారూ, పడుగు మగ్గమెక్కాక మార్చలేం గదా. ముందే మీరొక మాట చెప్పండి” అన్నాడు. ఎంతటి మాట! గ్రూపు గురించి అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

“నీ నోటుపుస్తకాలు తెచ్చివ్వమ్మా” అన్నాను ఆ అమ్మాయితో. తెచ్చింది. మార్కుల జాబితాలో మ్యాథ్స్, బయాలజీ రెండూ తొంభై శాతం పైనే. నోట్సులో తేడా కనిపించింది. బయాలజీ నోట్సులో బొమ్మలు చక్కగా ఉన్నాయి, జవాబులన్నీ గైడులో ఉన్నవే, ఒక్క మాట అటూ ఇటూ లేదు. “బొమ్మలు వెయ్యడం ఇష్టం మాస్టారూ. పేర్లు మాత్రం రెండో రోజుకే మర్చిపోతా” అంది. ఫిజికల్ సైన్స్ నోట్సులో ఒకచోట మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసుకుంది: అద్దకం తొట్లోంచి తీసినప్పుడు నూలు పసుపుపచ్చగా ఉండి, గాలికి ఆరేస్తే నీలంగా ఎందుకు మారుతుంది?

ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. నీలిమందు అద్దకం జరిగేచోట నిలబడి చూస్తే వచ్చిన ప్రశ్న. తొట్టిలో ఉన్నప్పుడు ఆ రంగు నీటిలో కరిగే రూపంలో ఉంటుంది. బయటికి తీసి ఆరేయగానే గాలిలో ఆక్సిజన్ తగిలి కరగని నీలంగా మారి పోగుకు పట్టుకుంటుంది. పిల్ల ఆక్సీకరణం పాఠం పదో తరగతిలోనే చదివింది. ఆ పాఠానికీ నూలు చిలపకూ ఉన్న సంబంధాన్ని తనంతట తాను పట్టుకోబోయింది.

ఆ తర్వాత పుస్తకంలో లేని ఒక మ్యాథ్స్ లెక్క ఇచ్చాను. వెంటనే రాలేదు. ఒకసారి కొట్టేసింది, రెండోసారి కొట్టేసింది, బొమ్మ వేసుకుంది. వాళ్లమ్మ టీ తెచ్చినా తలెత్తలేదు. చివరికి జవాబు వచ్చింది. నాకు కావలసింది జవాబు కాదు. ఆ తల దించుకుని కూర్చున్న తీరు.

“ఎంపీసీ తీసుకోనివ్వండి. కెమిస్ట్రీ మీద గురి పెట్టనివ్వండి. ఈఏపీసెట్ బాగా రాస్తే ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ ఉంది. ఇంజనీరింగ్ వద్దనుకుంటే బీఎస్సీ కెమిస్ట్రీ ఉంది. రంగుల శాస్త్రం, బట్టల శాస్త్రం రెండూ ఈ దారిలో ఉన్నాయి” అన్నాను. పీఆర్వో చెప్పిందీ ఎంపీసీయే. కానీ ఆయన చెప్పింది తన బ్యాచి నింపుకోవడానికి. మేం అనుకున్నది ఆ మార్జిన్‌లో ప్రశ్న చూసి. హాస్టల్ వద్దని, ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీ చాలని ఆ అమ్మాయే చెప్పింది. తల్లి కాసేపు మౌనంగా ఉండి, “దానికి నచ్చిందే చదవనీ మాస్టారూ” అంది. ఆ తల్లికి నేను చేతులెత్తి దండం పెట్టాను.

ప్రతి ఇంటికీ ఒక మాస్టారు రాలేడు. అక్కర్లేదు కూడా. మీరే చేయవచ్చు. అమ్మానాన్నలకు సైన్సు రాకపోయినా పర్వాలేదు. నోట్సు తెరవండి. ఏ సబ్జెక్టులో పిల్ల సొంత మాటలు ఉన్నాయి? ఎక్కడ కొట్టివేతలున్నాయి? కొట్టివేతలుంటే కంగారు పడకండి, ప్రయత్నించిందని అర్థం. ఏ పాఠం గురించి అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడుతుంది? సెలవు రోజున ముందుగా ఏ పుస్తకం తీస్తుంది? వీటికి జవాబులు మీకే తెలుసు. మార్కుల జాబితా చెప్పని సంగతులు ఇవి.

రెండు గ్రూపుల మధ్య నిజంగానే ఊగిసలాడే పిల్లలుంటారు. వాళ్లకు ఇప్పుడు కాస్త వెసులుబాటు వచ్చింది. 2025-26 విద్యాసంవత్సరం నుంచి ఇంటర్ బోర్డు మొదటి ఏడాదిలో మార్పులు తెచ్చింది. మ్యాథ్స్ ఏ, బీ పేపర్లు ఒక్క పేపరయ్యాయి. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ఎంపీసీ పిల్లలు అదనంగా బయాలజీ, బైపీసీ పిల్లలు అదనంగా మ్యాథ్స్ తీసుకునే వీలు వచ్చింది. దీన్నే ఎంబైపీసీ అంటున్నారు. వైద్యం వైపు కూడా ఒక సడలింపు ఉంది. పన్నెండో తరగతి పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా చదివినవాళ్లు కూడా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది.

మంచి మార్పులే ఇవి. అయితే దారి తెరిచి ఉందని ప్రతి పిల్ల చేతా ఎంబైపీసీ మోయించకండి. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ ఇష్టపడి చదివే పిల్ల అయితే, బయోటెక్నాలజీ, బయోమెడికల్ లాంటి రంగాల మీద మనసుంటే, కచ్చితంగా ఆలోచించండి. “ఏదో ఒకటి తగులుతుందిలే” అని మాత్రం వద్దు. నీట్, జేఈఈ రెండూ ఒకేసారి అంటూ పిల్లను రెండు వైపులా లాగితే రెండూ అందకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇది మన ఒక్క చోటి బెంగ కాదు. మన తెనాలి, చీరాల నుంచి వెళ్లి అమెరికాలో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డవాళ్ల ఇళ్లలోనూ ఇదే మాట. అక్కడ మనలాగా గ్రూపు కట్టలుండవు. హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టును విడిగా ఎంచుకుంటారు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని కాలేజీ స్థాయి కోర్సులుంటాయి. ఏటా మే నెలలో పరీక్షలు పెట్టి 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. పేరున్న యూనివర్సిటీలు చూసేది ఎన్ని కోర్సులు తీసుకున్నారని మాత్రమే కాదు. ఆ స్కూల్లో దొరికే కష్టమైన కోర్సుల్లో ఏవి తీసుకున్నారు, వాటిలో ఎలా నిలబడ్డారు అని చూస్తారు. ఇంగ్లండులోనైతే మామూలుగా ఏ-లెవెల్స్‌లో మూడే సబ్జెక్టులు, వాటినే లోతుగా చదువుతారు. పద్ధతులు ఎన్ని ఉన్నా చివరికి తేలేది ఒకటే. తన సత్తాకు మించకుండా, సత్తాకు తగ్గకుండా ఎంచుకున్న పిల్ల నిలుస్తుంది.

ఇంటరే చేయాలన్న రూలు కూడా లేదు. పది పాసైన పిల్లకు పాలిసెట్ ఉంది, 120 ప్రశ్నలు, అందులో 50 మ్యాథ్స్. మూడేళ్ల డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. చేతిపని మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ దారి ఎంతో మేలు. పల్లెటూళ్లలో ప్రభుత్వ బడుల్లో బాగా చదివే పిల్లలకు రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట్లో ట్రిపుల్ఐటీ, వరం లాంటిది. పది మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు. మనకు దగ్గరలో ఒంగోలు క్యాంపస్ ఉంది, కృష్ణకు అవతల నూజివీడు ఉంది. వ్యవసాయ పాలిటెక్నిక్‌లున్నాయి. నేత కుటుంబాల పిల్లలకు ఇంకో దారి చెబుతాను. వెంకటగిరిలో చేనేత, జౌళి సాంకేతిక శాస్త్రంలో మూడేళ్ల డిప్లొమా చెప్పే సంస్థ ఉంది. దానికి ప్రగడ కోటయ్య గారి పేరు పెట్టారు. చేనేత కార్మికుల కోసం జీవితమంతా పాటుపడి, మన చీరాల నుంచి శాసనసభకు వెళ్లిన నాయకుడాయన. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ చదువు తక్కువ చదువెందుకవుతుంది?

ఇప్పుడు కాలేజీ ఎంపిక గురించి. గ్రూపు తేల్చాకే కాలేజీ సంగతి. చాలామంది ముందు కాలేజీ చూసి, అక్కడ ఏ గ్రూపులో సీటుందంటే దానిలో వేస్తారు. దయచేసి అలా చేయకండి. కాలేజీకి వెళ్లినప్పుడు ఫొటోల గోడ చూసి వెనక్కి రాకండి. ల్యాబు తలుపు తీయించి చూడండి. బల్లల మీద దుమ్ముందో, వాడిన గుర్తులున్నాయో గమనించండి. మొదటి ఏడాది పాఠాలు ఎవరు చెబుతారో ఆ లెక్చరర్‌నే కలవండి. మొత్తం ఫీజు రెండేళ్లకు ఎంతో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. హాస్టలైతే పిల్లకు రోజుకు ఎన్ని గంటల నిద్ర, వారంలో ఎంత తీరిక, మీరు ఎప్పుడెప్పుడు మాట్లాడవచ్చు అని అడగండి. ఈ ప్రశ్నలకు తడుముకునే చోట మీ పిల్లను వదిలిపెట్టి రాకండి. మన ప్రభుత్వ జూనియర్ కాలేజీలను కూడా ఒకసారి వెళ్లి చూడండి. చూడకుండానే కొట్టిపారేయకండి.

కొన్ని అంకెలు కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. 2024లో నీట్ రాసినవాళ్లు దేశం మొత్తం మీద 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అదే ఏడాది ఐఐటీల్లో సీట్లు 17 వేల పైచిలుకు, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత ఇచ్చింది రెండున్నర లక్షల మందికి. ఇవి పిల్లల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. బాగా చదివిన లక్షల మంది పిల్లలకు కూడా అక్కడ చోటు లేదని, సీటు రాకపోవడం చేతకానితనం కాదని పెద్దవాళ్లం గుర్తుపెట్టుకోవడానికి చెబుతున్నాను. డాక్టరు సీటు తప్పిన బైపీసీ పిల్లకు అగ్రికల్చర్, ఫిషరీస్, ఫార్మసీ, నర్సింగ్ ఉన్నాయి. వాటిని రెండో రకం చదువులని ఇంట్లో ఒక్కరూ అనకూడదు. ఆ మాట పిల్లల మనసులో ముల్లులా దిగుతుంది.

పిల్లలూ, మీతో కూడా రెండు మాటలు. మీ స్నేహితులు ఏ గ్రూపు తీసుకుంటే ఆ గ్రూపు తీసుకోవద్దు. నెల తిరిగేసరికి సెక్షన్లు మారతాయి, బెంచీలు మారతాయి, మిగిలేది మీరూ మీ పుస్తకమే. నచ్చని గ్రూపులో చేరామని తొలి వారాల్లోనే అనిపిస్తే దాచుకోకండి. అమ్మకో నాన్నకో అప్పుడే చెప్పండి. మొదట్లో మార్చుకోవడం తేలిక, ఏడాది గడిచాక కష్టం. మనసు బాగా కుంగిపోయినట్టు అనిపిస్తే, ఎవరికీ చెప్పలేకపోతే, 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వం ఉచితంగా నడిపే సహాయం అది. తెలుగులో మాట్లాడతారు. ఏ పరీక్షా, ఏ ర్యాంకూ మీ ప్రాణం కన్నా ఎక్కువ కాదు. ఈ మాట నేను మీ ఇంట్లో తాతయ్యలా చెబుతున్నాను.

తల్లిదండ్రులారా, మీరు చేసే ప్రతి పనీ పిల్లల బాగు కోసమేనని నాకు తెలుసు. మగ్గం మీద, పొలంలో, దుకాణంలో ఒళ్లు హూనం చేసుకుని ఫీజులు కడుతున్నారు. ఆ కష్టానికి తగిన ఫలం దక్కాలంటే చేయవలసింది ఇంతే. అడ్వాన్సు కట్టమని ఎవరు తొందరపెట్టినా ఒక్క రోజు ఆగమనండి. ఆ రాత్రి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నోటుపుస్తకాలు తిరగేయండి. ఏ గ్రూపు ఎటు తీసుకెళుతుందో ఒక కాగితం మీద రాసి పిల్లకు చూపించండి. “నీకేది ఇష్టం? ఎందుకు?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినండి. ఆ జవాబు మీ అంచనాకు భిన్నంగా ఉంటే, నమ్మకమున్న ఒక టీచరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. చివరి సంతకం మీదే కావచ్చు, ఎంపిక మాత్రం పిల్లది కావాలి. రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదవాల్సింది తనే గదా.